జ్వరం తగ్గిన రోజే పాప ఐసీయూలో చేరింది

అమ్ములు నాన్న · సెప్టెంబరు 14, రాత్రి 2:10

నిద్ర పట్టక రాస్తున్నా. పిల్లల ఐసీయూ బయట కుర్చీల్లో ఉన్నాం, నేనూ మా బామ్మర్దీ. మా పాపకి ఏడేళ్లు, 20 కిలోలు. డెంగీ.

నాలుగు రోజులు 103 జ్వరం. ఐదో రోజు పొద్దున ఒళ్లు చల్లబడింది. హమ్మయ్య అనుకున్నాం, మా అమ్మ ఇడ్లీ కూడా పెట్టింది. మధ్యాహ్నం నుంచి కడుపునొప్పి, మూడు వాంతులు. సాయంత్రానికి కాళ్లూ చేతులూ మంచుముక్కల్లా ఉన్నాయి, కానీ మాట్లాడుతూనే ఉంది, నీళ్లు అడుగుతూనే ఉంది. మా దగ్గర నర్సింగ్ హోమ్‌లో చూసి, బీపీ 90/75, వెంటనే తీసుకెళ్లండి అన్నారు. ఖమ్మం నుంచి హైదరాబాద్‌కి అంబులెన్సులో నాలుగు గంటలు. దారి పొడవునా సెలైన్ ఆగలేదు.

ఇప్పుడు లోపల ఉంది. పది నిమిషాలు చూడనిచ్చారు. ముక్కులో పెద్ద గొట్టం, అందులోంచి గాలి జోరుగా వస్తోంది. మెడ దగ్గర ఒక లైను, మణికట్టు దగ్గర ఇంకొకటి. కాళ్ల పట్టీలు, జడ రబ్బర్లు ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి నా చేతికిచ్చారు.

ప్లేట్‌లెట్స్ 22 వేలు. చుట్టాలంతా ఎస్‌డీపీ (ఒకే దాత నుంచి తీసే ప్లేట్‌లెట్లు) దాతల కోసం వాట్సాప్ గ్రూపుల్లో పెడుతున్నారు. డాక్టర్ గారేమో ప్లేట్‌లెట్స్ ఇప్పుడు అక్కర్లేదు అంటున్నారు. 22 వేలకి పడిపోతే అక్కర్లేదనడం ఏంటి? వేరే ఆస్పత్రికి మార్చాలా? తెలిసినవాళ్లు చెప్పండి, దయచేసి.

మణికొండ శీను · రాత్రి 2:24

అన్నా, మా మేనల్లుడికి 30 వేలకే ఎక్కించారు. నువ్వు గట్టిగా అడుగు. మెత్తగా ఉంటే పట్టించుకోరు. నాది ఓ పాజిటివ్, పొద్దున్నే వస్తా కావాలంటే.

రాత్రి డ్యూటీ సిస్టర్ · రాత్రి 2:41

నాన్నగారూ, పన్నెండేళ్లుగా పిల్లల ఐసీయూలోనే పని చేస్తున్నాను. ముందు ఒక్క మాట: ఈ రాత్రి పాపని ఎక్కడికీ కదపకండి. ఈ గంటల్లో అంబులెన్సు ప్రయాణమే పెద్ద ప్రమాదం.

మీరు చూసిన వాటి గురించి చెప్తాను, తెలియకే భయం ఎక్కువ. ముక్కులోది హైఫ్లో. తేమ కలిపిన వెచ్చటి ఆక్సిజన్‌ని జోరుగా పంపుతుంది, వెంటిలేటర్ కాదు. మెడ దగ్గరది సెంట్రల్ లైను, మందులు అందులోంచి వెళ్తాయి. మణికట్టు దగ్గరది ఆర్టరీ లైను. బీపీ నిమిషం నిమిషం తెలుస్తుంది, రక్తం తీయాల్సిన ప్రతిసారీ పిల్లని సూదితో గుచ్చక్కర్లేదు.

మానిటర్ కేసే చూడకండి. అది ఊరికే మోగుతుంది. పాప చెయ్యి కదిపినా, వేలికున్న క్లిప్పు జారినా మోగుతుంది. మోగిన ప్రతిసారీ మేం పరిగెత్తకపోతే నిర్లక్ష్యం అనుకోకండి, ఏ శబ్దానికి పరిగెత్తాలో మాకు అలవాటైపోయింది. మీరు ఈసారి లోపలికి వెళ్తే మంచం కింద వేలాడే యూరిన్ బ్యాగు చూడండి. 20 కిలోల పిల్లకి గంటకి 20 ఎంఎల్ వస్తుంటే అందరం ఊపిరి పీల్చుకుంటాం.

అమ్ములు నాన్న · రాత్రి 2:50

ఇందాక చూసినప్పుడు టీ రంగులో అడుగున కొంచెం ఉందంతే.

రాత్రి డ్యూటీ సిస్టర్ · రాత్రి 2:53

సరే. రేపు పొద్దున ఎంత ఉందో ఇక్కడ రాయండి. ఇప్పుడు ఏమైనా తిని పడుకోండి. పాలైనా తాగండి.

కర్నూలు పిల్లల డాక్టర్ · సెప్టెంబరు 14, ఉదయం 6:15

పాపని చూడకుండా వైద్యం చెప్పను, జబ్బు గురించి మాత్రం చెప్తాను.

డెంగీలో పిల్లల్ని ఐసీయూ దాకా తెచ్చేది ఎక్కువసార్లు ప్లేట్‌లెట్లు కాదండీ, లీకు. కొత్త కుండలో నీళ్లు పోస్తే బయట ఎలా చెమరుస్తుందో తెలుసుగా? రక్తనాళాల గోడలు అలా చెమరుస్తాయి. రక్తంలోని నీరు పొట్టలోకీ, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. నాళాల్లో మిగిలిన రక్తం, పొయ్యి మీద మర్చిపోయిన పప్పుచారులా చిక్కబడుతుంది. దాన్ని చూపించే అంకె రిపోర్టులో పీసీవీ అని ఉంటుంది. మామూలుగా ఉండేదానికన్నా 20 శాతం, అంతకన్నా ఎక్కువ పెరిగిందంటే లీకు గట్టిగానే ఉన్నట్టు.

ఇది మొదలయ్యేది జ్వరం తగ్గేటప్పుడు. మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య ఎప్పుడైనా కావచ్చు. మీరు హమ్మయ్య అనుకున్న పూటే అది. ఉండేది 24 నుంచి 48 గంటలు. మీ నర్సింగ్ హోమ్ వాళ్లు చూసిన 90/75లో పై అంకె బాగానే ఉంది, కానీ రెంటి మధ్య తేడా 15. పిల్లల్లో ఆ తేడా 20కి దిగిందంటే షాకే, అంటే ఒంటికి రక్తం సరిపడా అందట్లేదని. అలాంటప్పుడు కూడా పిల్లలు చక్కగా మాట్లాడుతుంటారు. అందుకే ఇంట్లోవాళ్లు మోసపోతారు. మీ తప్పేం లేదు. ఆ అంకె చూసి వెంటనే పంపినవాళ్లకి, దారిలో సెలైన్ ఆపని అంబులెన్సు కుర్రాడికి ఎప్పుడైనా థాంక్స్ చెప్పండి.

ప్లేట్‌లెట్ల సంగతి. రక్తస్రావం లేకపోతే, కేవలం అంకె తగ్గిందని ఎక్కించడం వల్ల లాభం కనపడలేదు. పైగా ఒంట్లోకి ఇంకో 200 ఎంఎల్ ద్రవం పోతుంది, లీకవుతున్న పిల్లకి అదే భారం. మీ డాక్టర్ వద్దన్నారంటే పట్టించుకోక కాదు, తెలిసే. మీరు అడగాల్సింది 'ప్లేట్‌లెట్లు ఎంత' అని కాదు. 'పీసీవీ ఎంత, యూరిన్ ఎంత, చేతులు వెచ్చబడ్డాయా' అని.

మణికొండ శీను · ఉదయం 6:40

సార్, మరి మా మేనల్లుడికి ఎందుకు ఎక్కించారు?

కర్నూలు పిల్లల డాక్టర్ · ఉదయం 6:52

తెలీదు శీనూ, నేను చూడలేదు. బ్లీడింగ్ ఉండి ఉండొచ్చు. లేదా మీలాంటి మేనమామ గట్టిగా అడిగి ఉండొచ్చు. ఒప్పుకోవాలి, మా డాక్టర్లలో కూడా ఇంటివాళ్ల గొడవ పడలేక ఎక్కించేసేవాళ్లున్నారు.

పచ్చని ప్రకృతి · ఉదయం 7:30

బొప్పాయి ఆకు రసం పూటకి రెండు చెంచాలు. మూడు రోజుల్లో లక్ష దాటుతాయి. మా వీధిలో ఎనిమిది మందికి తగ్గింది. ఈ గొట్టాలూ లైన్లూ అన్నీ బిల్లు కోసమే.

రాత్రి డ్యూటీ సిస్టర్ · ఉదయం 7:38

డ్యూటీ దిగి చూస్తే ఇది! వాంతులతో, ఆయాసంతో ఉన్న పిల్లకి నోట్లో ఆకురసం పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దయచేసి ఇలాంటివి రాయకండి.

కర్నూలు పిల్లల డాక్టర్ · ఉదయం 8:05

ప్లేట్‌లెట్లు ఆరో రోజో ఏడో రోజో వాటంతటవే పెరుగుతాయి. ఆ రోజు ఏది తాగితే దానికి పేరొస్తుంది. కివీ పండు తింటే కివీకి, ఆకురసం తాగితే ఆకుకి. వీధిలో ఎనిమిది మందికి తగ్గిందన్నారు, వాళ్లలో షాక్‌లోకి వెళ్లింది ఎంతమంది?

మోడరేటర్ · ఉదయం 8:20

'పచ్చని ప్రకృతి' గారి తర్వాతి మూడు పోస్టులు తీసేశాం. వైద్యం మాన్పించే సలహాలు ఇక్కడ కుదరవు. మందుల మోతాదులు కూడా ఎవరూ రాయవద్దు.

అమ్ములు నాన్న · సెప్టెంబరు 14, మధ్యాహ్నం 1:15

డాక్టర్ గారూ, మీరు చెప్పినట్టే అడిగాను. రాత్రి వచ్చినప్పుడు పీసీవీ 46, ఇప్పుడు 41. పాదాలు కాస్త వెచ్చబడ్డాయన్నారు. యూరిన్ గంటకి 10 ఎంఎల్. ప్లేట్‌లెట్స్ 18 వేలు. ఇది మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఫోన్ చేసినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న, 'ప్లేట్‌లెట్లు ఎంత?' మా పెద్దనాన్న అయితే క్రికెట్ స్కోరు అడిగినట్టు గంటకోసారి.

కానీ ఆయాసం పెరిగింది. పొట్ట ఉబ్బింది. సాయంత్రం చూసి వెంటిలేటర్ పెట్టాల్సి రావచ్చు అన్నారు, సంతకం చేయించుకున్నారు. వెంటిలేటర్ పెడితే ఇక అంతేనంటగా? మా ఊళ్లో అందరూ అదే అంటారు.

వరంగల్ వాణి · మధ్యాహ్నం 1:40

అంతేనని ఎవరన్నారు తమ్ముడూ? మా బాబు 11 రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు. గులియన్ బారీ అని, కాళ్ల నుంచి మొదలై పైపైకి చచ్చుబడిపోయింది, ఆఖరికి ఊపిరి కూడా తీసుకోలేకపోయాడు. వాడికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. ఇప్పుడే నా ఫోన్ లాక్కుని గేమ్ ఆడి ఇచ్చాడు.

వెంటిలేటర్ మందు కాదు, జబ్బు తగ్గేదాకా ఊపిరి మోసే కూలీ. డెంగీలో లీకు ఆగేదాకా మోస్తుంది, అంతే.

పాత పేపర్ల పిచ్చి · మధ్యాహ్నం 2:30

సందర్భం కాదేమో, అయినా చెప్పాలనిపించింది. ఈ వెంటిలేటర్ వైద్యం మొదలైందే ఒక పిల్లతో. 1952లో డెన్మార్క్‌లో పోలియో విరుచుకుపడింది. కోపెన్‌హాగెన్‌లో పన్నెండేళ్ల పాప ఊపిరాడక పోతుంటే బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు గొంతులో రంధ్రం చేయించి, గొట్టం పెట్టి, రబ్బరు సంచితో చేత్తో గాలి కొట్టాడు. పాప బతికింది. మిగతావాళ్లకి సరిపడా మిషన్లు లేవు. దాదాపు 1,500 మంది వైద్య విద్యార్థులు షిఫ్టులు వేసుకుని, నెలల తరబడి, ఆ సంచులు నొక్కారు. మూడేళ్లకి, 1955లో, పక్కనే స్వీడన్‌లోని గోటెబర్గ్‌లో పిల్లల కోసమే ఇలాంటి ప్రత్యేక వార్డు పెట్టారు. మన అంబులెన్సుల్లో ఉండే అంబు బ్యాగు ఉంది చూశారా, అదీ డెన్మార్క్ సరుకే, 1956లో వచ్చింది.

మణికొండ శీను · మధ్యాహ్నం 2:41

మా బావ 108లో టెక్నీషియన్. ఒకసారి పురుగుమందు తాగిన పిల్లాడికి గంటన్నర ఆ బ్యాగు నొక్కుతూ తీసుకొచ్చాడు. రెండు రోజులు చెయ్యి పైకి లేవలేదు ఆయనకి.

అమ్ములు నాన్న · సెప్టెంబరు 14, రాత్రి 9:50

ఏడింటికి వెంటిలేటర్ పెట్టారు.

లోపలికి వెళ్లాను. చెప్పులు విప్పి, గౌను వేసుకుని, మోచేతుల దాకా కడిగించారు. పాప చేతులు రెండూ మంచానికి మెత్తటి గుడ్డతో కట్టేసి ఉన్నాయి. అది చూసి నాకు కోపం ఆగలేదు. అరిచాను కూడా. దొంగనా, పిచ్చిదా, ఎందుకు కట్టారని. అక్కడున్న నర్సమ్మ ఏమీ అనలేదు. కట్టు కింద నుంచి తన వేలు దూర్చి, 'వదులుగానే ఉంది సార్, మీరూ చూడండి' అంది. అంతే, ఏడుపొచ్చేసింది.

రాత్రి డ్యూటీ సిస్టర్ · రాత్రి 10:05

ప్రతి నాన్నా అరుస్తాడు, బాధపడకండి. మత్తులో ఉన్నా పిల్లల చెయ్యి నేరుగా గొట్టం మీదికే పోతుంది. అది ఊడితే నిమిషాల్లో ఆక్సిజన్ పడిపోతుంది. మీరు పక్కనున్న పది నిమిషాలు కట్టు విప్పమని అడగండి. ఆ చెయ్యి మీరే పట్టుకోండి. చాలాచోట్ల ఒప్పుకుంటారు.

మత్తులో ఉన్నా మీ గొంతు వినపడుతుందనే అనుకుని మాట్లాడండి. 'భయపడకు' అనే మాట వద్దు, రోజూ ఇంట్లో చెప్పే కబుర్లే చెప్పండి.

అమ్ములు నాన్న · రాత్రి 10:12

దూడ కథ చెప్పొచ్చా? మా ఇంట్లో పదిహేను రోజుల దూడ ఉంది. పేరు ఇంకా పెట్టలేదు. పాపే పెట్టాలంది.

రాత్రి డ్యూటీ సిస్టర్ · రాత్రి 10:13

అదే చెప్పండి.

నల్గొండ రవి · రాత్రి 11:30

డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే అడుగుతున్నా. అన్నా, కార్డు ఉందా? మాకు మొదటి రెండు రోజులు ఎవరూ చెప్పలేదు, ఒక ప్రైవేటు ఆస్పత్రిలో మూడు లక్షలు కట్టాక తెలిసింది ఆరోగ్యశ్రీలో చేసేవాళ్లని. కౌంటర్లో అడిగితే 'అప్పుడే చెప్పాల్సింది' అన్నారు. ఆ ఆస్పత్రి పేరు రాయను, ఇప్పుడు రాసి లాభం లేదు.

కింద రిసెప్షన్ పక్కన ఆరోగ్యమిత్ర డెస్కు ఉంటుంది, పొద్దున్నే వెళ్లి కూర్చో. తెలంగాణలో పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలకి పెంచారు. అక్కడ కుదరదంటే నీలోఫర్ ఉండనే ఉంది. 1953 నుంచి ఉన్న పిల్లల ఆస్పత్రి, మా వైపు ఏ పిల్లకి సీరియస్ అన్నా అక్కడికే పంపుతారు. కానీ సిస్టర్ చెప్పినట్టు, పాప కుదురుకున్నాకే మార్చే మాట.

అమ్ములు నాన్న · రాత్రి 11:44

కార్డు ఉంది అన్నా. థాంక్స్. మా బామ్మర్దిని పంపుతా పొద్దున.

మాటలు లేని అమ్మ · సెప్టెంబరు 15, తెల్లవారుజాము 4:20

రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. మా బాబు ఇలాంటి వార్డులోనే తొమ్మిది రోజులు ఉన్నాడు. ఇంటికి రాలేదు. మీ పాపకి అలా అవుతుందని కాదు, దయచేసి అలా అనుకోవద్దు.

నేను చేసిన పొరపాటు ఒకటి మీరు చెయ్యకూడదని రాస్తున్నాను. రోజూ డాక్టర్‌ని 'బానే ఉందా సార్' అని అడిగేదాన్ని. ఆయన 'చూద్దామమ్మా' అనేవారు. నేను దాన్ని బానే ఉందని అర్థం చేసుకున్నాను. మా ఆయన బాలేదని అర్థం చేసుకున్నారు. ఒకరికొకరం చెప్పుకోలేదు. మీరిద్దరూ కలిసి వెళ్లి, 'నిన్నటి కంటే ఈరోజు ఏది మెరుగు, ఏది తగ్గింది, మీకు దేని గురించి భయంగా ఉంది' అని అడగండి. అలా అడిగితే చెప్తారు. ఆఖరి రోజు అడిగాను, కూర్చోబెట్టి అరగంట చెప్పారు. ముందే అడిగి ఉంటే ఆ తొమ్మిది రోజులూ వాడి పక్కన ఇంకోలా కూర్చునేదాన్ని.

కర్నూలు పిల్లల డాక్టర్ · ఉదయం 6:30

అమ్మా, 'చూద్దాం' నేనూ రోజుకి ఇరవైసార్లు అంటాను. ఇక ముందు అనేటప్పుడు ఆగుతాను.

అమ్ములు నాన్న · సెప్టెంబరు 15, మధ్యాహ్నం 12:30

నేనూ మా ఆవిడా ఇద్దరం వెళ్లి ఆ మూడు ప్రశ్నలే అడిగాం. బీపీ నిలబడింది, దాని కోసం ఇస్తున్న మందు తగ్గిస్తున్నారు. పీసీవీ 36. ఊపిరితిత్తుల చుట్టూ నీరు ఇంకా ఉంది. ఇన్ఫెక్షన్ రాకుండా చూసుకోవడమే ఇప్పుడు భయమన్నారు. అందుకే తల వైపు మంచం ఎత్తి పెట్టారంట, నోరు శుభ్రం చేస్తున్నారంట. సెలైన్ బాగా తగ్గించేశారు. పిల్ల నీరసంగా ఉంటే సెలైన్ తగ్గించడం ఏంటని మా అమ్మ గొడవ.

కర్నూలు పిల్లల డాక్టర్ · మధ్యాహ్నం 1:10

లీకు ఆగినట్టుంది. బయటికి పోయిన నీరంతా ఇప్పుడు తిరిగి రక్తంలోకి వస్తుంది. ఈ టైములో సెలైన్ పోస్తూ పోతే ఊపిరితిత్తులు మునిగిపోతాయి. డెంగీలో ఎప్పుడు మొదలుపెట్టాలో తెలియడం ఎంత ముఖ్యమో, ఎప్పుడు ఆపాలో తెలియడమూ అంతే. నానమ్మ గారికి నా మాటగా చెప్పండి.

అమ్ములు నాన్న · సెప్టెంబరు 16, ఉదయం 7:05

బ్యాగు నిండిపోయింది!! రాత్రి రెండుసార్లు ఖాళీ చేశారంట. గంటకి 90, 100 వస్తోంది. నీళ్లలా తెల్లగా. మొహం వాపు తీసింది, కళ్లు కనపడుతున్నాయి. జీవితంలో యూరిన్ చూసి ఇంత సంతోషపడతానని అనుకోలేదు.

రాత్రి డ్యూటీ సిస్టర్ · ఉదయం 7:20

నేనిక్కడ స్వీట్లు పంచుతున్నా.

వరంగల్ వాణి · ఉదయం 7:50

దేవుడా. తమ్ముడూ, మీ ఆవిడని పడుకోమను ముందు.

అమ్ములు నాన్న · సెప్టెంబరు 17, సాయంత్రం 6:40

ఉదయం పదకొండుకి గొట్టం తీశారు. గొంతు బొంగురుగా ఉంది, మాట గాలిలా వస్తోంది. రెండు మూడు రోజులుంటుందన్నారు. మొదటి మాట నీళ్లు. రెండో మాట దూడ పేరు. ఏం పేరో నాకు సరిగ్గా వినపడలేదు, మళ్లీ అడిగితే కోపం వచ్చింది.

ప్లేట్‌లెట్స్ 64 వేలు. ఒక్క ప్యాకెట్ కూడా ఎక్కించలేదు. మా పెద్దనాన్నకి ఫోన్ చేసి చెప్పాను, 'చూశావా, నేను రోజూ అడగబట్టి పెరిగాయి' అన్నాడు.

మణికొండ శీను · సాయంత్రం 6:58

😂 పెద్దనాన్నకి నా నమస్కారాలు. రక్తం ఇద్దామని రెండుసార్లు వచ్చి వెనక్కి పోయా అన్నా, పర్లేదు, వేరే పాపకి ఇచ్చొచ్చా.

అమ్ములు నాన్న · సెప్టెంబరు 24, రాత్రి 10:30

ఇంటికొచ్చి మూడు రోజులైంది. ఒక విషయం అడగాలి. రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తోంది. మైక్రోవేవ్ బీప్‌మంటే ఏడుస్తోంది. పక్క తడుపుతోంది, మూడేళ్లప్పుడే మానేసింది అది. మెట్లు ఎక్కలేకపోతోంది. మెదడుకేమైనా అయిందా?

రాత్రి డ్యూటీ సిస్టర్ · రాత్రి 10:55

ఐసీయూ నుంచి వచ్చిన పిల్లల్లో ఇవి చాలామందికి ఉంటాయి. నిద్ర, భయం, కండల నీరసం. వారాలు పడుతుంది, కొందరికి నెలలు. తిట్టకండి, మర్చిపొమ్మని కూడా అనకండి. అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పండి: నీకు బాగాలేదు, మిషన్ ఊపిరి ఇచ్చింది, చేతులు అందుకే కట్టారు, నాన్న పక్కనే ఉన్నాడు అని. కానీ వచ్చే వారం చెకప్‌లో ఇవన్నీ డాక్టర్‌కి చెప్పండి. ప్లేట్‌లెట్లు బాగున్నాయి కదా అని ఊరుకోవద్దు. బడికి తొందరపెట్టకండి.

వరంగల్ వాణి · రాత్రి 11:10

మావాడు నాలుగు నెలలు లైటు వేసుకునే పడుకున్నాడు. కరెంటు బిల్లు కట్టాం, అంతే.

కోదాడ భార్గవి · అక్టోబరు 2, రాత్రి 8:15

పాత చర్చలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా బాబుకి ఐదేళ్లు. డెంగీ అని సోమవారం చెప్పారు. ఈరోజు నాలుగో రోజు. పొద్దున్నుంచి జ్వరం లేదు, మందు కూడా వెయ్యలేదు. కానీ ఊరికే పడుకుంటున్నాడు. కడుపు నొప్పి అంటున్నాడు. ప్లేట్‌లెట్స్ 90 వేలు ఉన్నాయి కదా, రేపు ఉదయం చూపిస్తే సరిపోతుందా?

అమ్ములు నాన్న · రాత్రి 8:17

చేతులూ కాళ్లూ పట్టుకుని చూడమ్మా. చల్లగా ఉన్నాయా? చివరిసారి యూరిన్ ఎప్పుడు పోశాడు?

కోదాడ భార్గవి · రాత్రి 8:21

పాదాలు చల్లగా ఉన్నాయి అన్నా. యూరిన్ మధ్యాహ్నం ఒంటిగంటకి అనుకుంటా.

కర్నూలు పిల్లల డాక్టర్ · రాత్రి 8:22

రేపు కాదమ్మా. ఇప్పుడే. పిల్లల్ని రాత్రి చేర్చుకునే దగ్గరి ఆస్పత్రికి వెళ్లండి. లోపలికి వెళ్లగానే జ్వరం తగ్గి కాళ్లు చల్లబడ్డాయి, ఏడు గంటలుగా యూరిన్ లేదు అని చెప్పండి.

అమ్ములు నాన్న · రాత్రి 8:23

బండి లేకపోతే 108 కొట్టు. ఫోన్ దగ్గరే పెట్టుకుంటా.

కోదాడ భార్గవి · రాత్రి 8:34

మా ఆయన కారు తీస్తున్నారు. బయల్దేరాం.